ఒకటో నంబరు పాట

మా ఆయన కృపాకర్ పదకొండు సినిమాలు తీశాడు. పదకొండూ దయ్యాలవే. అందులో నేను ఒక్కటి కూడా చూడలేదు.

అబద్ధమెందుకు, మొదటిది పది నిమిషాలు చూశాను. పెళ్లయిన కొత్త. పక్కన కూర్చోబెట్టుకుని మురిపెంగా చూపించాడు. పదకొండో నిమిషంలో లేచి బయటికి వచ్చేశాను. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు జ్వరం దిగగానే చెప్పాను, "నీ సిన్మాలు నువ్వు తీస్కో. నాకు సూపియ్యకు. ఇంకోపారి సూడమన్నవో, మా అమ్మగారింటికి పోత." ఇరవై ఆరేళ్లయింది. ఆయన మళ్లీ అడగలేదు, నేను చూడలేదు.

కానీ చెవులు ఎక్కడ దాచుకోను? ఈయన సినిమాలకు సంగీతం కూడా ఈయనే. మ్యూజిక్ డైరెక్టర్‌ను పెట్టుకునే స్థోమత ఏనాడూ లేదు కాబట్టి అఫ్జల్‌గంజ్‌లో ఒక పెళ్లి బ్యాండు వాళ్ల దగ్గర పాత సింథసైజర్ కొనుక్కొచ్చాడు. దాన్ని ముందు గదిలో పెట్టాడు. మా ఉప్పుగూడ ఇళ్లు తెలుసు కదా, ముందు గదికీ వంటింటికీ నడుమ ఉండేది గోడ కాదు, గోడ పేరు మీద ఒక మాట. నేను అన్నం వండుతుంటే అవతల దయ్యాలు వచ్చేవి, పోయేవి. సినిమా ఒక్కటీ చూడకపోయినా సంగీతం మొత్తం నాకు నోటికి వచ్చు.

ఆ సినిమాల వల్ల నేను పడ్డది తక్కువేం కాదు. మా చర్చి సంఘంలో నన్ను 'దయ్యాల కృపాకర్ పెండ్లాం' అనేవాళ్లు. స్త్రీల సమాజంలో ప్రార్థన చెయ్యమని అందరినీ అడిగేవాళ్లు, నా వంతు వచ్చేసరికి టైమయిపోయేది. ఈ మాట మా ఆయనకు చెబితే నవ్వేవాడు. ఆయనకేం, ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని ముందే లేచి పోయే మనిషి.

ఆ పేరు పోగొట్టింది ఒక్క పాట. తొమ్మిదేళ్ల కింద మా అత్త ఆగమ్మ మంచాన పడింది. ముందు గదిలోనే మంచం వేశాం. రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఈయన తల్లి పక్కన కూర్చుని నెమ్మదిగా ఒకటే వాయించేవాడు. అడుగు తర్వాత అడుగు వేసినట్టు ఉండేది ఆ రాగం. తొందర లేదు, భయం లేదు. అంతకు ముందు ఇంట్లో ఎప్పుడూ వినలేదు కాబట్టి తల్లి కోసం కట్టుకున్నాడని నేను అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. అత్త పోయిన రోజు ఆ రాగానికి నేనే మాటలు కట్టాను.

"నెత్తి మీది మూట దించు తల్లీ, ఇల్లు వచ్చింది, ఇంక నడవకు" అని మొదలవుతుంది. సమాధుల తోటలో ఒక్కో మాట ఎత్తి ఇచ్చాను. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. మా సంఘంలో రాగం ఎక్కడిదని ఎవరూ అడగరు, సినిమా రాగాలకు దేవుడి మాటలు కట్టి పాడుకోవడం మాకు అలవాటే. మాట మంచిదైతే చాలు. ఆ తర్వాత ఎవరు పోయినా అదే పాట. పుస్తకం అచ్చు వేసినప్పుడు నలభై ఒకటో పాటగా చేర్చి కింద 'రాగం: కృపాకర్, తల్లి ఆగమ్మ జ్ఞాపకార్థం' అని వేశారు. నేను 'సమాధి పాట స్వరూపక్క'ను అయ్యాను. ఎవరింట్లో చావు జరిగినా మొదటి ఫోన్ పాస్టరు అయ్యగారికి, రెండోది నాకు.

శనివారం పొద్దున కూడా అలాగే ఫోన్ వచ్చింది. సంఘ పెద్ద ఇస్సాకన్న.

"చెల్లె, జహనుమా కొమురమ్మ పోయింది. నాల్గింటికి తోటకు తీస్కపోతం. నువ్వు రావాలె. నీకు చెప్పిందట గదా."

చెప్పింది. కొమురమ్మ పెద్దమ్మ ఆస్పత్రిలో ఉండగా పోయిన వారమే చూసి వచ్చాను. ముప్పై ఏళ్లు మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసిన మనిషి. ఎముకల గూడయిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "నా పాట పాడాలె బిడ్డా. ఇంకోటి పాడితె లేశొస్త," అని నవ్వింది. నేను ఒట్టేశాను.

సరిగ్గా అదే రోజు మా ఇంటికి కీర్తిప్రియ అనే పిల్ల వస్తున్నది. పాత సినిమాల సంగీతం గురించి మాట్లాడే ఛానల్ నడుపుతుందట. ఈయన సింథసైజర్ సంగీతం ఈ మధ్య కుర్రకారుకు ఎక్కిందట, ఎందుకెక్కిందో నన్నడగొద్దు. తన సంగీతంలో తనకు బాగా ఇష్టమైనవి ఐదు ఎంచి, వాయించి, ఎందుకిష్టమో చెప్పాలి. అంతే పని. దానికి ఈ మనిషి రెండు వారాలు నిద్రపోలేదు. కరెంటు బిల్లుల వెనక, నా ఆఫీసు కవర్ల మీద, ఎక్కడ పడితే అక్కడ ఐదు పేర్లు రాయడం, కొట్టేయడం. పదకొండు సినిమాల్లోంచి ఐదు ఏరుకోవడానికి అంత లొల్లి.

"రద్దు చేద్దామా? చావు ఇంటికి పోవాలె గదా," అన్నాడు పొద్దున. ముఖం చూస్తే జాలేసింది.

"పిల్ల బయల్దేరిందట గదా. పన్నెండింటికల్లా కానియ్యి," అన్నాను.

కీర్తిప్రియ పదింటికే వచ్చింది. ఒక మైకు, ఒక ఫోను, ఒక సంచి. చెప్పులు విప్పుతూనే సింథసైజర్‌కు దండం పెట్టింది. నాకు పెట్టలేదు.

"సార్, ఇదేనా? ఇదే మెషీనా? ఇందులో ఒక కీ పని చెయ్యదంట గదా?"

"రెండు," అన్నాడు ఈయన సిగ్గుపడుతూ.

"అందుకేనా సార్ మీ ట్యూన్స్ అన్నిట్లో ఆ స్వరం మిస్సింగ్? మేం ఏదో పెద్ద థియరీ అనుకున్నం!"

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడి నుంచి అన్నీ వినపడతాయని చెప్పాను కదా.

ఐదో నంబరు అంటూ మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలు ఒకటే మోత, ఎక్కదు, దిగదు. ఖాళీ ఇంట్లో ఏదో ఉందన్న భయం పుట్టించడానికి చేశానని చెబుతున్నాడు. నాకు తెలియదా? ఆ ఏడు మా ఫ్రిజ్ చెడిపోయి అచ్చం ఇలాగే మొత్తుకునేది. బాగు చేయించమంటే ఈయన దాని ముందు పీట వేసుకుని కూర్చుని విన్నాడు.

నాలుగోది సన్నగా, గీరినట్టు ఉంటుంది. అది చేస్తున్న నెల రోజులూ పక్కింటి కుక్క మా గుమ్మం ముందే ఏడ్చింది. మూడోదాని రికార్డింగ్‌లో నడుమ గడగడమని రైలు పోయే చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడు ఎంత గొప్పగా కలిపారో సార్ అంటున్నది ఆ పిల్ల. కలపడమేంది, ఉప్పుగూడ స్టేషన్‌లో బండి కదిలింది, ఈయన రికార్డింగ్ ఆపడం మరిచాడు. ఈయన మాత్రం "అవునమ్మా, కలిపిన," అన్నాడు. వంటింట్లో నాకు నవ్వాగలేదు.

రెండోది కూడా అయింది. టీ పోసుకుని గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను, ఒకటో నంబరు అయితే ఇద్దామని.

"సార్, నంబర్ వన్?" అన్నది కీర్తిప్రియ.

ఈయన కాయితం మడిచిన చప్పుడయింది. కాసేపటికి, "వద్దులేమ్మా. రెండోదాన్నే ఒకటి చేద్దాం," అన్నాడు.

"లిస్టు నాలుగుతో ఆపుతారా సార్? మీరు పంపిన పేపర్ల రాసిండ్రు గదా. ప్లీజ్ సార్."

మెషీన్ మీట టక్కుమంది. తర్వాత వాయించాడు.

అది నలభై ఒకటో పాట.

నాకు ముందు సంతోషమే కలిగింది, నిజం చెబుతున్నాను. తల్లికి కట్టిన రాగాన్ని మొదట పెట్టుకున్నాడని కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవుల మీద మాటలు కూడా కదిలాయి, 'నెత్తి మీది మూట దించు తల్లీ' అని. రాగం అయిపోగానే ఆ పిల్ల చప్పట్లు కొట్టింది.

"సార్, గూస్‌బంప్స్! ఎనిమిదో మెట్టు సినిమాల దయ్యం నడిచే సీన్! ఆ మెట్లు దిగి పిల్లగాని మంచం దగ్గరికి వస్తది కదా, అప్పుడు ఇదే కదా!"

టీ గ్లాసులు పట్టుకునే వంటింట్లోంచి కదిలాను.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. "ఏ దయ్యం?"

ఈయన నా వైపు చూడలేదు. మెషీన్ వైపు చూస్తున్నాడు.

"నిన్నే అడుగుతున్న. ఏ దయ్యం? ఇది అత్తమ్మకు చేసింది గదా?"

"అమ్మకే," అన్నాడు. తర్వాత, "అంటే… ముందుగాల సిన్మాకు," అన్నాడు. తర్వాత, "రెండిట్కీ," అన్నాడు.

"రెండిట్కీ ఏంది? ముందుగాల ఏది?"

"సిన్మా ముందుగాల అయింది. అమ్మ తర్వాత… అమ్మకు కూడ…" అని చేతులు గాలిలో తిప్పాడు. ఈ మనిషికి దయ్యాలతో మాట్లాడించడం వచ్చు గానీ మాట్లాడటం రాదు.

నేను కీర్తిప్రియ వైపు తిరిగాను. "నువ్వు చెప్పమ్మా. ఆ దయ్యం ఏం చేస్తది?"

పాపం, ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నన్ను చూసి, సార్‌ను చూసి, "అంటే మేడమ్, తెల్ల చీరల ఒకామె… నెమ్మదిగ నడిచి వస్తది. పిల్లగాని పక్కన కూసుంటది. పొద్దుగాల ఆ పిల్లగాడు లేవడు," అన్నది.

టీ గ్లాసులు కింద పెట్టి నేలమీద కూర్చుండిపోయాను. తొమ్మిదేళ్లు. నలభై మందికి తక్కువ లేకుండా ఆ పాటతో సాగనంపాను. అందులో రెండేళ్ల పిల్ల కూడా ఉంది. ఆ తల్లి నా భుజం మీద పడి ఏడుస్తుంటే నేను పాడింది ఈ దయ్యం నడకనా? దేవా! పుస్తకంలో అచ్చు కూడా వేసుకున్నాం. రేపు ఈ పిల్ల ఛానల్‌లో ఇది వస్తే సంఘంలో ఒక్కరైనా వినరా? ఒకరు వింటే చాలు, మిగతావాళ్లకు చేరదా? 'దయ్యాల కృపాకర్ పెండ్లాం మన పీనుగుల మీద దయ్యం పాట పాడింది' అనరా? అదీ పక్కన పెట్టు. ఇంకో నాలుగు గంటల్లో కొమురమ్మ పెద్దమ్మకు ఏం పాడను?

"ఆ పాట లిస్టుల ఉండొద్దు," అన్నాను.

"స్వరూపా…"

"ఉండొద్దంటున్న. ఆ నాలుగు పెట్టుకో, నలభై పెట్టుకో. ఇది తీసెయ్యి."

ఈ ఇరవై ఆరేళ్లలో నేను ఏం తిట్టినా ఈయన తల ఊపి ఊరుకున్నాడు. ఆ రోజు ఊపలేదు. "అది తీయ," అన్నాడు మెల్లగా. "కావాలంటె ఆ నాలుగు తీసెయ్యమను. అదొక్కటి ఉంటది."

కోపం కంటే ఎక్కువ అయోమయం. తన సినిమాను థియేటర్లలోంచి ఎత్తేసిన రోజు కూడా నోరెత్తని మనిషి, ఒక దయ్యం అడుగుల కోసం నా మాట కొట్టేస్తున్నాడు. "ఎందుకు? దాంట్ల ఏముంది?" అని అడిగాను. ఈయన మెషీన్ మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టాడు.

కీర్తిప్రియ మైకు పట్టుకుని మా ఇద్దరి నడుమ నిలబడి, "సార్, నేను… ఇది రికార్డ్ అయితుంది… ఆపాలా?" అన్నది. ఎవరూ ఆపమనలేదు, ఉంచమనలేదు. తనే ఆపేసి, సంచి సర్దుకుని, ఒకటో నంబరు సంగతి సాయంత్రం ఫోన్‌లో చెప్పమని వెళ్లిపోయింది.

రెండింటికి ఇస్సాకన్న పంపిన ఆటోలో మిగతా ఆడవాళ్లతో జహనుమా పోయాను. ఈయన వెనక స్కూటర్ మీద వస్తానన్నాడు. ఆటోలో నలుగురూ కొమురమ్మ గురించే మాట్లాడుతున్నారు. నేను పుస్తకం తిరగేస్తున్నాను. నలభై ఒకటో పాట ఉన్న పేజీ వేలికి తగిలినప్పుడల్లా దాన్ని దాటి తిప్పేశాను. చివరికి పన్నెండో పాట పాడదామని నిర్ణయించుకున్నాను. పాత పాట, మిషనరీ దొరల కాలం నాటిది, అందులో ఏ దయ్యం దూరలేదు. ఒట్టేసిన మాట తప్పుతున్నానని గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. కానీ తెలిసి తెలిసి ఆ ముసలామె మీద అది ఎలా పాడను? తెలియక పాడింది ఒకటి, తెలిసి పాడేది ఇంకొకటి.

కొమురమ్మను తోటకు తెచ్చారు. అయ్యగారు వాక్యం చదివారు. పెట్టెను గుంతలోకి దించే ముందు నా వైపు చూసి తల ఊపారు. నేను పన్నెండో పాట ఎత్తుకున్నాను.

ఎవరూ అందుకోలేదు. పక్కనున్న ఆడవాళ్లు నన్ను చూస్తున్నారు, పుస్తకాలు తిప్పుతున్నారు. ఒక చరణం ఒక్కదాన్నే పాడాను. అంత ఒంటరిగా నేను ఏ రోజూ పాడలేదు. రెండో చరణం మొదలుపెట్టబోతుంటే కొమురమ్మ కూతురు సుజన పెట్టె దగ్గరి నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది.

"వదినా, గిది గాదు. అమ్మ పాట."

"సుజనా, గిదే మంచిగుంటది. ఇయ్యాల్టికి గిది పాడనియ్యి."

"అమ్మ నీతోని ఒట్టు వెయ్యించుకున్నది గదా. నాకు చెప్పింది."

ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. ఇంక దాచి లాభం లేదనిపించింది. చెవిలో చెప్పాను. "అది దేవుని పాట కాదు బిడ్డా. నాకియ్యాల పొద్దుగాలనే తెలిసింది. మీ అన్న సిన్మాల దయ్యం నడుస్తుంటె వచ్చే పాట. నాకు ముందుగాల తెల్వదు, ఒట్టు, ఎవ్వరు చెప్పలే. నన్ను మాఫ్ చెయ్యి."

సుజన నన్ను వింతగా చూసింది. "తెలుసు గదా వదినా," అన్నది. "ఆ దయ్యం అమ్మనే గదా."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"అమ్మనే వదినా. 'ఎనిమిదో మెట్టు' సిన్మాల దయ్యం ఏషం అమ్మనే ఏసింది. నువ్వు తిడ్తవని నీకు చెప్పొద్దన్నది. మా గల్లీ అవతల కూలిపోయిన మేడ లేకుండెనా, ఆడనే మెట్లమీద తీసిండు అన్న. ఇటుకలు మోసి మోసి అమ్మ నడుస్తుంటె నెత్తి కదల్దు గదా. అన్నకు గదే నచ్చింది. నలభైసార్లు మెట్లు దింపిండు. మెషీన్ ఆడికే తెచ్చుకొని, ఆ అడుగులు లెక్క పెట్టుకుంట ఆన్నే కూసొని పాట కట్టిండు, ఆన్నే రికార్డు చేసిండు."

ఇస్సాకన్న పక్కన నిలబడి గొంతు సవరించుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆయనకూ తెలుసని అప్పుడు నాకు అర్థమైంది. ఇంకెంతమందికి తెలుసో దేవుడికెరుక.

"మరి ఆగమ్మత్త పోయిననాడు నేను పాడితె, కొమురమ్మ పెద్దమ్మ ఏమనలే?" అన్నాను.

"ఇంటికొచ్చి పడి పడి నవ్వింది వదినా. నవ్వి నవ్వి ఏడ్సింది. 'మీ అన్న నన్ను నడిపిచ్చి నడిపిచ్చి ఎక్కడ్కి పోనియ్యలే. సిన్మా అయిపోయినా ఆ మెట్ల మీదనే ఇడిసిపెట్టిండు. స్వరూప నా నెత్తి మీద మూట దించి ఇంటికి తోల్కపోయింది' అన్నది. అప్పటిసంది అది తన పాటేనని పట్టు." సుజన ముక్కు చీదుకుంది. "జల్ది పాడు వదినా. ఇంకోటి పాడితె లేశొస్తనన్నది."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పొద్దుటి నుంచి కోపం, సిగ్గు, భయం అన్నీ వచ్చాయి గానీ ఏడుపు ఇప్పుడే వచ్చింది. ఆ ఏడుపుతోనే ఎత్తుకున్నాను. 'నెత్తి మీది మూట దించు తల్లీ' అనేసరికి చుట్టూ ఆడవాళ్లందరూ ఒక్కసారి అందుకున్నారు. మగవాళ్ల వెనక వరసలో మా ఆయన కనిపించాడు. పెదవులు కదపడం లేదు. కళ్లు మూసుకుని వింటున్నాడు. ఏ చావులోనైనా అక్కడే నిలబడి అలాగే కళ్లు మూసుకునేవాడట, నేను ఏనాడూ ఆ వైపు చూడలేదు. మూడు చరణాలూ పాడాను. పెట్టె దిగింది. పిడికెడు మన్ను వేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కలేదు. ఈయన స్కూటర్ ఎక్కాను. ఫలక్‌నుమా దాటాక నేనే మొదలుపెట్టాను.

"కొమురమ్మ నడక చూసి కట్టినవట," అన్నాను.

"ఊఁ."

"మరి అత్తమ్మకు ఎందుకు వాయించినవు?"

"అమ్మ అడిగింది. మస్తు నొప్పులుండె గదా. ఒక్కొక్కటి వాయించి చూసిన. అన్ని వద్దన్నది. ఇది వాయిస్తే నిద్ర పట్టేది. దయ్యందని చెప్పిన. 'ఏదైతేంది బిడ్డా, నిమ్మళంగ నడుస్తున్నది' అన్నది."

"నాకు ఎందుకు చెప్పలే?"

స్కూటర్ వేగం పెంచాడు. ఒక బస్సు పోయింది. రెండోసారి అడిగాను, మూడోసారి అడిగాను. స్కూటర్ పక్కకు తీసి ఆపాడు, దిగలేదు, నా వైపు తిరగలేదు.

"నా సిన్మా నువ్వు ఒక్కటి చూడలే," అన్నాడు. "తప్పేం లేదు, భయం నీకు. నా సంగీతం గురించి ఒక్క మాటనలే. సప్పుడు తగ్గియ్యమనుడు తప్ప. అమ్మ సమాధి కాడ ఎత్తుకున్నవు. నేను కట్టింది నీ నోట్ల అదే మొదటిసారి ఇన్నది. చెప్తే మానేస్తవు గదా. ఎట్ల చెప్త?"

"అందుకా ఒకటో నంబరు?"

"అందుకే."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. తొమ్మిదేళ్లు ఊరంతటి ముందు నన్ను పిచ్చిదాన్ని చేశాడు. కానీ ఆ కోపం ఒక్కటే రాలేదు. ఇరవై ఆరేళ్లు గోడ అవతల కూర్చుని వాయించిన మనిషి, ఒక్క పాట నా నోట వినడానికి చావులకు వచ్చి వెనక వరసలో నిలబడేవాడు. నాకు ఏం చెయ్యాలో తోచక ఆయన వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచాను. ఇద్దరం పడేవాళ్లమే.

"ఆ పిల్లకు ఫోన్ కలుపు," అన్నాను.

"తీసెయ్యమంటవా?"

"కలపమంటున్న గదా."

కలిపి ఇచ్చాడు. కీర్తిప్రియ భయంభయంగా పలికింది. "మేడమ్, నంబర్ వన్ తీసేస్తున్నం కదా?"

"తీయకు. ఉండనియ్యి. కాయితం తీస్కో, పేర్లు రాయి. రాగం కృపాకర్."

"ఓకే మేడమ్."

"దానికి పాట ఉంది, సంఘంల పాడుకుంటరు. అది కూడ రాయి. మాటలు స్వరూప."

"సూపర్ మేడమ్! ఇంతేనా?"

"ఇంకోటి ఉంది. నడక, కొమురమ్మ."

అటువైపు పెన్ను చప్పుడు ఆగింది. "మేడమ్, మ్యూజిక్ క్రెడిట్స్‌ల నడక అని… అట్ల ఎక్కడా రాయరు మేడమ్. ఎట్ల రాయాలె?"

"ఎట్ల రాస్తరో నాకు తెల్వదు బిడ్డా. రాయి."

ఆ పిల్ల రాసుకుంది.